తుప్పు పట్టిన ఛాసిస్, ఆర్‌సీతో కలవని నంబరు

లారీ, పికప్ వంటి సరకు రవాణా వాహనాలలో ఇంజను మొదలు తొట్టి దాకా మొత్తం భారాన్ని మోసే రెండు పొడవాటి ఉక్కు దూలాలను, వాటిని అడ్డంగా కలిపే క్రాస్ మెంబర్లను కలిపి ఛాసిస్ ఫ్రేమ్ అంటారు. ఇప్పటి వాహనాలలో 17 అక్షరాలు, అంకెలతో ఉండే ఛాసిస్ నంబరు ఆ దూలాలలో ఒకదాని మీదే, చాలా పికప్‌లలో కుడివైపు ముందు చక్రానికి దగ్గరలో, ముద్రితమై ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 122వ నియమం ఆ ముద్ర వేసే బాధ్యతను తయారీదారు మీద ఉంచింది. అందువల్ల తుప్పు తిన్న ఫ్రేమును తీసి మరొకటి బిగించడం షెడ్డులోని మేస్త్రీకి ఉత్త వెల్డింగ్ పనిగానే కనిపించినా, చట్టం దృష్టిలో అది వాహనం గుర్తింపును మార్చే పని అవుతుంది. ఈ తేడా తెలియక పాత పికప్‌ల యజమానులు ఒకరి తరువాత ఒకరుగా న్యాయవాదుల దగ్గరకు వస్తున్నారు.

సముద్రతీరంలోను, ఆక్వా సాగు విస్తరించిన గోదావరి, కృష్ణా డెల్టా మండలాలలోను ఈ సమస్య ఎక్కువ. చేపలు, రొయ్యలు తీసుకువెళ్లే బండ్లలో ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టి సందుల గుండా ఫ్రేము మీదికి కారి, దూలాల లోపలి మూలల్లో బురదతో కలిసి నిలిచిపోతుంది. తుప్పు ఇనుమును లోపలినుంచి తినేస్తున్నా పైన రంగు మాత్రం బాగానే ఉంటుంది. వెనుక కమాన్ పట్టీల బ్రాకెట్ దగ్గర సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనే మోతకు బదులు మొద్దు శబ్దం వచ్చి, పొరలు పొరలుగా తుప్పు రాలితే, ఆ ఫ్రేము బరువు మోసే స్థితిలో లేదని అర్థం. బీమా పాలసీలో అరుగుదల, తరుగుదల మినహాయింపు కిందికి వస్తాయి గనుక తుప్పు మరమ్మతు ఖర్చును బీమా కంపెనీ చెల్లించదు. ఆ భారమంతా యజమానిదే కావడంతో చవకగా చేసిపెడతానన్న షెడ్డు వైపే మనసు పోతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చే హక్కు యజమానికి లేదు. వాహనం మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పునే ఆ సెక్షన్ ‘మార్పు’గా నిర్వచించింది. కాబట్టి పాడైన క్రాస్ మెంబరును అదే కొలతల కొత్తదానితో మార్చడం, నంబరు ఉన్న భాగాన్ని తాకకుండా దూలానికి పట్టీ వేయించడం మరమ్మతుగానే ఉంటాయి. ఫ్రేము మొత్తం మార్చవలసి వస్తే మాత్రం రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం ముందే పొందాలి, పని పూర్తయిన తరువాత 14 రోజులలోగా తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించాలి. అనుమతి లేని మార్పునకు 182ఎ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధిస్తుంది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలను మార్చకూడదని 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

అసలు ప్రమాదం ఈ జరిమానాతో ఆగదు. తుక్కు దుకాణంలో దొరికిన అదే మోడల్ ఫ్రేమును తెచ్చి, దాని మీది నంబరును గ్రైండరుతో చెరిపి, పాత ఫ్రేము నుంచి నంబరున్న ముక్కను కోసి దానికి అతికించడమో, అంకెల పంచ్‌లతో పాత నంబరును కొత్తగా కొట్టడమో షెడ్లలో చాలాకాలంగా సాగుతున్న అలవాటు. నంబరు తన బండిదే గదా, అందులో మోసమేముందని యజమాని అనుకుంటాడు. ఈ పని ఎట్టి పరిస్థితిలోను చేయించకూడదు. ముద్ర వేసినప్పుడు అంకెల అడుగున లోహం నొక్కుకుపోతుంది గనుక, పైన అరగదీసినా ఫోరెన్సిక్ ప్రయోగశాలలో రసాయనం పూసినప్పుడు చెరిగిన అంకెలు మళ్లీ పైకి తేలగలవు. అప్పుడు ఒకే బండి మీద రెండు నంబర్లు నిలుస్తాయి, వాటిలో రెండోదానికి యజమాని దగ్గర ఏ కాగితమూ ఉండదు.

ఇటీవల ఒక న్యాయవాది చేతికి వచ్చిన కేసులో సరిగ్గా ఇదే జరిగింది. చేపల రవాణాతో ఇల్లు నడుపుకునే ఒక యజమాని, ఫ్రేము మార్పించినందుకు షెడ్డు నుంచి తెల్లకాగితం మీద మొత్తం రాసిన చీటీ తప్ప మరేమీ తీసుకోలేదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి అయినా, ఆ పరీక్ష జరిపిన అధికారి నంబరు చుట్టూ ఉన్న వెల్డింగ్ గీతను చూడకుండానే ధ్రువపత్రం ఇచ్చాడు. ఆ తరువాత రహదారి తనిఖీలో ఆ గీత బయటపడగా, చోరీ సొత్తు కావచ్చన్న అనుమానంతో పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద బండిని స్వాధీనం చేసుకున్నారు. ఏటా బండి కిందికి వంగి చూడవలసిన అధికారి చూడలేదు, దాని ఫలితం మాత్రం రోజు కూలీతో సమానమైన ఆదాయం ఉన్న మనిషి మీద పడింది. ఈ నిర్లక్ష్యాన్ని రవాణా శాఖ ఎందుకు ప్రశ్నించదో అడిగేవారు లేరు.

ఇంతకంటె పెద్ద దెబ్బ మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ఐదవ ఉపసెక్షన్ వల్ల తగులుతుంది. వాహనం మీది ఛాసిస్ నంబరు, ఆర్‌సీలోని నంబరు వేరని రిజిస్ట్రేషన్ అధికారి నిర్ధారించుకుంటే, యజమానికి నోటీసిచ్చి, కారణాలు రాసి, రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలి. ఆ నోటీసు ఆర్‌సీలో ఉన్న చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టులో వెళుతుంది. ఇల్లు మారి చిరునామా మార్పించుకోని యజమాని సంగతి తెలిసేసరికి రద్దు ఉత్తర్వు వచ్చేసి ఉంటుంది, పై కేసులోనూ అదే జరిగింది. రిజిస్ట్రేషన్ లేని బండి ప్రమాదానికి గురైతే నష్టపరిహారం కోరలేరని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, ప్రీమియం కట్టి ఉన్నా సొంత నష్టం క్లెయిము నిలవడం కష్టం.

చట్టం చూపే దారి కఠినమైనదేమీ కాదు. కొత్త ఫ్రేమును కంపెనీ అధీకృత డీలరు దగ్గరే జీఎస్టీ బిల్లుతో కొనాలి, బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థ లిఖిత సమ్మతి తీసుకోవాలి, పాత ఫ్రేము ఫొటోలు, నంబరు పెన్సిల్ ముద్ర జతచేసి దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోవాలి. ‘పని అయ్యాక రండి, చూద్దాం’ అని కౌంటరులో చెప్పే మాటకు న్యాయస్థానంలో విలువ లేదు, ఏ అనుమతైనా కాగితం మీదే కావాలి. నంబరు ముద్ర గురించి అధికారి లిఖిత ఉత్తర్వు ఇవ్వనిదే షెడ్డులో ఎవరినీ పంచ్ ముట్టనివ్వకూడదు. పాత ఫ్రేమును ఆర్‌సీలో మార్పు నమోదయ్యేవరకు తుక్కుకు అమ్మకూడదు, దాని మీది అసలు ముద్రే యజమాని నిజాయితీకి సాక్ష్యం. పాత పికప్ కొనేవారు కూడా సొమ్ము చెల్లించే ముందు ఆర్‌సీ నంబరును ఫ్రేము మీది నంబరుతో పోల్చి, చుట్టూ వెల్డింగ్ గాని, కొత్త రంగు గాని ఉందేమో చూసుకోవాలి.

ఇప్పటికే చిక్కుకున్నవారికి దారులు మూసుకుపోలేదు. స్వాధీనమైన బండిని తాత్కాలికంగా విడిపించుకోవడానికి మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు, వాహనాలను ఠాణాల ఆవరణలో ఏళ్ల తరబడి పడవేయరాదని సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రద్దు ఉత్తర్వు మీద మోటారు వాహనాల చట్టం 57వ సెక్షన్ కింద 30 రోజులలోగా అప్పీలు వేయాలి. మోసగించిన షెడ్డు మీద రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే బండి నడుపుకునే యజమాని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. అయితే ఆ ఫిర్యాదుకు పేరు, తేదీ, పని వివరం, సంతకం ఉన్న బిల్లు కావాలి గనుక, బిల్లు ఇవ్వననే షెడ్డులో బండిని వదలవద్దు.