బొంత కుట్టు చేతులు

స్త్రీల సమాజ పాఠము
చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36–43, యోబు 2:11–13, రోమా 12:15



ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతపు పల్లెలలోను, కొల్లేటి చుట్టుప్రక్కల గ్రామములలోను బొంతను ఎరుగని పెద్దలు లేరు. ఇప్పుడు పరుపులును రగ్గులును వచ్చినను, బొంత వెచ్చదనము మనము మరువలేదు. నలిగిన నూలు చీరలను, చినిగిన పంచెలను ఉదికి ఆరవేసి, పొర మీద పొర పరచి, అంచులు మడచి, లావు దారముతో వరుసగా కుట్టుదురు. ఒక్కతె కుట్టినయెడల అనేక దినములు పట్టును. నలుగురు నాలుగు ప్రక్కల కూర్చుండినయెడల పని తేలికయగును. కనుకనే మధ్యాహ్నము వంటపని ముగిసిన పిమ్మట ఇరుగుపొరుగు స్త్రీలు ఒక అరుగు మీద చేరుట మన వాడుక.

బొంతకు క్రొత్తగుడ్డ అక్కరలేదు. తండ్రి పొలమునకు కట్టిన పంచె, నాయనమ్మ చీర, పిల్ల గౌను అన్నియు దానిలో చేరును. మరణించినవారి చీరయు చేరును. "ఇది మా అమ్మ చీరే పిన్నీ" అని ఒకామె అన్నప్పుడు సూదులు కొంచెము సేపు ఆగును. ఎవరును ప్రసంగము చేయరు. ఒకామె కన్నులు తుడుచుకొనును, మరియొకామె దారము ఎక్కించి ఇచ్చును. చేతులకు పని ఉన్నచోట మౌనము బరువుగా ఉండదు. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక అతనితో నేల మీద కూర్చుండిరి. వారు నోరు తెరచిన తరువాతనే తప్పిపోయిరి గదా!

అయితే ఒక సంగతి గమనింపవలెను. పని ఒకటే అయినంత మాత్రమున సహవాసము కలుగదు. నరసాపురము ప్రాంతమున లేసు అల్లికను పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీలు మన స్త్రీలకు నేర్పిరి. వేలకొలది కుటుంబములకు అది కొంత ఆధారమైనది. కాని వర్తకుని దారము ఇంటింటికి వచ్చెను, అల్లిన లేసు ఇంటింటినుండి పోయెను. ఎవరి గుమ్మములో వారు అల్లిరి. గంటల తరబడి పనిచేసినను వారు పనివారుగా ఎంచబడక గృహిణులుగానే ఎంచబడిరనియు, వారి కూలి మిక్కిలి స్వల్పమనియు మరియా మీస్ అను జర్మను దేశస్థురాలు 1982లో ప్రచురించిన గ్రంథమున చూపెను. చేతులు కదలుట చాలదు. ఒకరి ముఖము ఒకరు చూచుకొనవలెను.

యొప్పేలోని మేడగది

యొప్పే సముద్రతీరమందలి రేవు పట్టణము. అక్కడ తబితా అను శిష్యురాలుండెను. తబితా అరామిక మాట, దొర్కా గ్రీకు మాట. రెంటికిని లేడి అనియే అర్థము. క్రొత్త నిబంధన గ్రీకు మూలములో 'శిష్యురాలు' అను స్త్రీలింగ పదము ఈమెకు మాత్రమే వాడబడినది. అయినను ఆమె పలికిన మాట ఒక్కటియు లూకా వ్రాయలేదు. ఆమె చేతిపనిని వ్రాసెను.

ఆమె చనిపోయినప్పుడు పేతురు లుద్దనుండి వచ్చెను. విధవరాండ్రు ఏడ్చుచు అతని యెదుటికి వచ్చి, ఆమె కుట్టిన బట్టలను చూపిరి. అక్కడి గ్రీకు క్రియను బట్టి, వారు తమ ఒంటి మీది బట్టలనే చూపియుందురని కొందరు వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. దొర్కా ఆ బట్టలను ఎవరిచేతనో పంపినట్లు లూకా చెప్పలేదు. తమ మధ్య ఉండగా కుట్టెనని చెప్పెను. ఆమె వారికి దాత మాత్రమే కాదు, వారిలో ఒకతె. అందుచేతనే వారి దుఃఖము అంత నిజమైనది. పేతురు ఆ కన్నీటిని గద్దింపలేదు. ఆమె లేచినప్పుడు పరిశుద్ధులతో పాటు విధవరాండ్రనే పిలిచి, ఆమెను సజీవురాలిగా వారికి అప్పగించెను.

మన ఊరి దొర్కాలు ఆ దినమే లేచి రారు. యొప్పే దొర్కాయు మరల ఒక దినమున మరణించియుండును. ప్రభువు రాకడ వరకు మనకు మిగులునవి రెండు: ఆమె కుట్టినవి, ఆమెతో కూర్చున్నవారు.

పేర్లు కుట్టిన గుడ్డలు

అమెరికా దేశమందు సాన్ ఫ్రాన్సిస్కో నగరములో 1987లో, ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారి పేర్లను వారి తల్లులును స్నేహితులును గుడ్డల మీద కుట్టసాగిరి. ఒక్కొక్క గుడ్డ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అనగా ఒక సమాధియంత. ఆ యేట అక్టోబరు 11న వాషింగ్టను నగరమున అట్టి గుడ్డలు 1,920 పరచిరి. లోకము సిగ్గని దాచిన పేర్లను అక్కడ బిగ్గరగా చదివిరి. అది దూరదేశపు సంగతియని తలంపకుడి. ఆ వ్యాధి మన గోదావరి జిల్లాలను విడువలేదు. దానివలన విధవలైనవారి గుమ్మము తొక్కుటకు విశ్వాసులు సహా వెనుదీసిన దినములు కలవు.

మన సంఘములలో

మరణము సంభవించినప్పుడు మనము తప్పక వెళ్లుదుము. భూస్థాపనకు వెళ్లుదుము, ఆదరణ కూడికలో పాటలు పాడుదుము, భోజనము చేసి వత్తుము. తరువాత? పెండ్లి పనులలో ఆ విధవరాలిని ప్రక్కకు తొలగమందుము. పసిబిడ్డకు మొదటి బొంత పరచుటకు ఆమెను పిలువము. సంతోషమందు ఆమెను వెలుపల నిలిపి, దుఃఖమందు మాత్రమే ఆమె చెంతకు పోవుట ఆదరణ కాదు. సంతోషించువారితో సంతోషించుటయు ఏడ్చువారితో ఏడ్చుటయు పౌలు ఒక్క చోటనే చెప్పెను. మనము వాటిని విడదీసితిమి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇండ్లను ముంచెను. ఆ యేరు చివరకు చేరునది మన కొల్లేటికే. నీరు ఇంటిలో ప్రవేశించినప్పుడు మొదట తడియునది పడక. అట్టి దినమున కప్పుకొనుటకు ఒక బొంత కావలెను, ప్రక్కన కూర్చుండుటకు ఒక మనిషి కావలెను. బొంత వరద వచ్చిన రాత్రి కుట్టబడదు. సహవాసమును అంతే, అది ముందుగా కుట్టియుండవలెను.

కాబట్టి ఈ నెలలో స్త్రీల సమాజము ఒక్క పని చేయునుగాక. గత సంవత్సరము భర్తను గాని బిడ్డను గాని పోగొట్టుకొనిన సహోదరి ఇంటికి సూదీ దారముతో వెళ్లుడి. ఆమె ఇష్టపడినయెడల పోయినవారి వస్త్రమును బొంతలో చేర్చి కుట్టుడి. అది ముగిసిన పిమ్మట సంఘములో పుట్టబోవు బిడ్డకు బొంత కుట్టుటకు ఆమెనే ముందుగా పిలువుడి. మొదటి కుట్టు ఆమె చేయి వేయునుగాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దొర్కా మరణమందు విధవరాండ్రు మాటలకు బదులు బట్టలు చూపుటలో మనకు కలుగు పాఠమేమి?
2. మన సంఘములో ఆదరణ కూడిక తరువాత ఎవరును దర్శింపని ఇల్లు ఏది?
3. విధవరాలిని శుభకార్యములనుండి తొలగించు ఆచారమునకు లేఖనాధారము ఉన్నదా?

ప్రార్థన: విధవరాండ్రకు న్యాయము తీర్చు తండ్రీ, మా చేతులకు పని నేర్పుము, మా కన్నులకు ఒకరి ముఖము ఒకరు చూచు కృప నిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమెన్.