సరీసృపాల సమీప ఛాయాచిత్రాలు – కెమెరా, లెన్సుల ఎంపిక

బల్లి, తొండ, ఊసరవెల్లి, ఉడుము, తాబేలు, పాము – ఇవన్నియు సరీసృప వర్గమునకు చెందిన ప్రాణులు. వీటిని మనము నిత్యము చూచుచునే ఉన్నను, నిజముగా చూచినవారు అరుదు. తొండకును ఊసరవెల్లికిని గల భేదమేమని అడిగినచో చాలమంది తడబడుదురు. ఉర్దూ వాడుకలో ‘గిర్గిట్’ అను ఒక్క మాటయే ఈ రెంటికిని చెల్లుచున్నది. మంచి సమీప ఛాయాచిత్రము ఒక్కటి యున్నచో ఈ సందేహము క్షణములో తీరును. తొండ తలకు ఇరువైపుల చెవి గుంటలు స్పష్టముగా కన్పించును. ఊసరవెల్లికి బయటకు కన్పించు చెవి లేదు. తొండ వ్రేళ్ళు విడివిడిగా ఉండును. ఊసరవెల్లి పాదము పటకారు వలె రెండు పాయలుగా చీలి కొమ్మను పట్టుకొనును. విషజంతువని భ్రమించి ఊసరవెల్లిని కొట్టి చంపు చేతిని ఆపగల శక్తి ఇట్టి చిత్రమునకు కలదు. కావున ఇది వినోదమునకు మాత్రమే పరిమితమైన విద్య కాదు.

ఈ విద్య నేర్వగోరు విద్యార్థులు మొదట అడుగు ప్రశ్న, “ఏ కెమెరా కొనవలెను?” అనునది. మా అభిప్రాయములో మొదట అడుగవలసినది, “ప్రాణికి ఎంత దూరమున నిలువవలెను?” అని. దూరము నిర్ణయమైనచో లెన్సు నిర్ణయమగును. లెన్సు నిర్ణయమైన పిదప కెమెరా ఎంపిక సులభము.

పెంపకము – చట్టము

చిత్రము కొరకు ప్రాణిని పట్టి తెచ్చి డబ్బాలో ఉంచుకొనవచ్చునా? కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో సవరణ జరిగినది. దాని ప్రకారము ఉడుము, నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో ఉన్నవి. ఈ షెడ్యూలులోని ప్రాణుల విషయమున నేరమునకు 3 నుండి 7 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధింపవచ్చును. అదృష్టము తెచ్చునని నమ్మి ఇంటిలో నక్షత్ర తాబేలును పెంచువారు ఈ సంగతి గమనింపవలెను. ఇగువానా, బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులను పెంచువారు 2024లో వచ్చిన నియమములను అనుసరించి ప్రభుత్వము వద్ద నమోదు చేసికొనవలసి యున్నది. కనుక మనకు తగిన నమూనాలు ఇంటి గోడ మీది బల్లి, కంచె మీది తొండ, పొలము గట్టు మీది ఊసరవెల్లి. అవి ఉన్నచోటనే ఉండును. మనమే వాటి యొద్దకు పోవలెను.

ప్రమాణము

సమీప ఛాయాచిత్రములో ముఖ్యమైన మాట ప్రమాణము. వస్తువు పరిమాణమును, కెమెరాలోని సెన్సారుపై పడు ప్రతిబింబపు పరిమాణమును పోల్చి చెప్పునదే ప్రమాణము. రెండును సమానమైనచో 1:1 అందురు. ప్రతిబింబము వస్తువులో సగమైనచో 1:2. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు వెడల్పు 36 మి.మీ. గనుక, 1:1 వద్ద చిత్రములో పట్టునది 36 మి.మీ. మేర మాత్రమే. 1:2 వద్ద 72 మి.మీ. పట్టును.

చీమలను, సాలీళ్ళను చిత్రించువారికి 1:1 అవసరము. సరీసృపములు వాటికంటె ఎంతో పెద్దవి. తొండ తల నిండుగా రావలెనన్న 1:2 చాలును. తోకతో సహా మొత్తము తొండ రావలెనన్న 1:10 కంటెను తక్కువ ప్రమాణము సరిపోవును. బల్లి కంటిని మాత్రమే చిత్రింపవలెనన్నప్పుడే 1:1 అక్కరకు వచ్చును. ఈ లెక్క తెలియక, అవసరము లేని లెన్సుకు ధనము వెచ్చించువారు కలరు.

దూరము

1:1 ఇచ్చు మాక్రో లెన్సులు సాధారణముగా మూడు తరగతులు. 60 మి.మీ. లెన్సుతో 1:1 తీయునప్పుడు లెన్సు ముఖమునకును ప్రాణికిని నడుమ సుమారు 5 సెం.మీ. మాత్రమే మిగులును. అంత దగ్గరకు పోవుసరికి తొండ పారిపోవును. పైగా లెన్సు నీడ దానిపై పడును. 90 నుండి 105 మి.మీ. లెన్సులతో సుమారు 15 సెం.మీ., 180 మి.మీ. లెన్సుతో సుమారు 24 సెం.మీ. మిగులును. బరువు, ధర, దూరము మూడింటిని తూచి చూచినచో, విద్యార్థికి 90–105 మి.మీ. తరగతి ఉత్తమమని మా నిశ్చయము. 1:2తో తృప్తి పడినచో ఈ దూరము మరింత పెరుగును.

ఇచట ఒక చరిత్రాంశము చెప్పదగి యున్నది. జపానులో నికాన్ సంస్థ 1956లో తెచ్చిన మైక్రో నికోర్ లెన్సు ప్రాణుల కొరకు పుట్టలేదు. చిక్కని జపాను లిపిని మైక్రోఫిల్ములో స్పష్టముగా నకలు తీయుటకు పుట్టినది. అక్షరముల సందులను చూపుటకు పుట్టిన లెన్సు నేడు బల్లి పొలుసుల సందులను చూపుచున్నది.

పాముల మాట వేరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మొదలగు వాటి యొద్ద మాక్రో లెన్సుతో కూర్చుండుట సాహసము కాదు, అవివేకము. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా పేరు తలచినచో పాము విషము దిగునని ఒకనాటి ప్రజలు నమ్మిరి. నేడు మనకు తెలిసిన విరుగుడు ఆసుపత్రిలోని సూదిమందు ఒక్కటే. పామును 300 మి.మీ. లెన్సుతో అనేక గజముల దూరము నుండి తీయవలెను. లేదా తీయకుండుట మేలు.

లోతు – వెలుతురు

దగ్గరకు పోయిన కొలది స్పష్టముగా వచ్చు లోతు తగ్గిపోవును. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 వద్ద, ఎఫ్/8తో తీసినచో స్పష్టమగు లోతు సుమారు 1 మి.మీ. మాత్రమే. 1:2 వద్ద అదే ఎఫ్/8తో దాదాపు 3 మి.మీ. లభించును. అందుచేత కంటిపై గురి కుదిరినచో ముక్కు మసకబారును. దీనికి ఉపాయము రెండు విధములు: కంటిపైననే గురి నిలుపుట, ప్రాణి ప్రక్కభాగమునకు సమాంతరముగా కెమెరా నుంచుట. ద్వారమును ఎఫ్/16 కంటె చిన్నది చేసినచో లోతు పెరిగినను, కాంతి వివర్తనము వలన చిత్రమంతయు మెత్తబడును.

1:1 వద్ద సెన్సారును చేరు కాంతి నాలుగవ వంతుకు పడిపోవును. కావున ఫ్లాష్ అవసరమగును. నేరుగా పడిన ఫ్లాష్ పొలుసులపై తెల్లని మచ్చలు వేయును. జనగామ వద్ద పెంబర్తిలోని ఇత్తడి నగిషీలను ఫోటో తీసినవారికి ఈ కష్టము తెలిసియే యుండును. ఇత్తడి రేకునకైనను, పాలిష్ పెట్టినట్టున్న పొలుసునకైనను మందు ఒక్కటే – కాంతిని తెల్లని పలుచని గుడ్డ గుండగాని, కాగితము గుండగాని పంపి మెత్తబరచవలెను.

తక్కువ ఖర్చు మార్గములు

మన పట్టణములలో పెండ్లి ఫోటోలు తీయు స్టూడియోవారి యొద్ద సాధారణముగా 50 మి.మీ., 70–200 మి.మీ. లెన్సులు ఉండును. వాటితోనే ఈ పని ప్రారంభింపవచ్చును. 50 మి.మీ. లెన్సునకును కెమెరాకును నడుమ 25 మి.మీ. పొడవు గల ఎక్స్‌టెన్షన్ ట్యూబు బిగించినచో 1:2 ప్రమాణము వచ్చును. ఇందులో గాజు ఉండదు గనుక వెల స్వల్పము. కాని ప్రాణికి మిక్కిలి దగ్గర కావలసి వచ్చును.

ఇంతకంటె మేలైన మార్గము మరొకటి కలదు. 200 మి.మీ. వద్ద నుంచిన జూమ్ లెన్సు ముందు +2 శక్తి గల క్లోజప్ లెన్సు తగిలించినచో, అర మీటరు దూరము నుండియే 0.4 ప్రమాణము లభించును. ఏపీఎస్–సీ సెన్సారుపై ఇది సుమారు 59 మి.మీ. మేర, అనగా తొండ తల, మెడ చక్కగా ఇముడును. ప్రాణి బెదరదు, నీడ పడదు. తొలి అడుగు వేయువారికి మేము సిఫారసు చేయునది ఈ జోడినే.

కెమెరాలో చూడవలసినవి మూడు: నేలబారున నుంచి చూచుటకు వీలుగా వంగు తెర, గురిని పెద్దది చేసి చూపు సదుపాయము, చప్పుడు లేని షట్టరు. పిక్సెళ్ళ సంఖ్యకు మోసపోరాదు. ఏ–4 పుట నిండ మంచి అచ్చుకు దాదాపు 87 లక్షల పిక్సెళ్ళు చాలును. పదేండ్ల నాటి పాత కెమెరా కూడ ఇంతకంటె ఎక్కువ ఇచ్చును. ఫోను మాత్రమే ఉన్నవారు అందలి చిన్న మాక్రో కన్నును నమ్ముటకంటె, టెలీ కన్నుతో దూరము నుండి తీయుట మంచిది.

మన జిల్లాలలో

జనగామ బండల నేల, మహబూబాబాద్‌లో గూడూరు, కొత్తగూడ వైపు అడవులు, భూపాలపల్లి టేకు వనములు, కాళేశ్వరము వద్ద గోదావరి ఒడ్డు – మూడు జిల్లాలును మూడు తరగతి గదుల వంటివి. సరీసృపములు తమ శరీరపు వేడిని సూర్యుని నుండి పొందును. ఉదయము ఎండ కాగుచు అవి కదలక యుండు వేళయే చిత్రమునకు అనుకూలము. వేసవి మధ్యాహ్నము అవి నీడకు చేరును, మనమును చేరవలెను. అభయారణ్యములలో అటవీశాఖ అనుమతి పొందనిదే అడుగిడరాదు. వర్షాకాలములో లెన్సుకు బూజు పట్టకుండ, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో భద్రపరచవలెను.

రాళ్ళు తొలగించినచో తిరిగి యథాస్థానమున పెట్టవలెను. రంగు మారునేమో చూతమని ఊసరవెల్లిని పుల్లతో పొడువరాదు. బెదరిన ప్రాణి చిత్రము ఎంత స్పష్టముగా నున్నను, అది దాని భయమును చూపునే గాని స్వభావమును చూపదు.

విద్యార్థి మిత్రులారా! మంచి లెన్సు అనగా ఎక్కువ వెల గలది కాదు. ప్రాణిని దాని చోట నుండనిచ్చి, మనలను మన చోట నిలిపి, నడుమనున్న దూరమును చూపుతో దాటించునది. అట్టి చిత్రము ఒక్కటి మన కళాశాల గోడపై వ్రేలాడినచో, దానిని చూచిన ఒక్క బాలుడైనను తొండపై విసరబోయిన రాయిని క్రింద పడవేయును. మా ఆశ అదియే.