కాలిబాట బాగుసేత – ఖర్చు ఎవరిది?

ఊరి వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ఏడాదికే ఒకరు గుమ్మము ముందు మెట్టు ముందుకు జరుపుదురు. వేరొకరు కుళాయి గొట్టమునకై రోడ్డును కోసి, మట్టితో పూడ్చి విడుతురు. రోడ్డు చెడిన పిదప బాగుచేయవలసినదెవరను తగవు పంచాయతీ సమావేశమునకు వచ్చును. నగరములలో ఇదే తగవు కాలిబాటల విషయమున చిరకాలముగ నున్నది. అచ్చట దానినెట్లు తీర్చుకొనుచున్నారో పంచాయతీ సభ్యులు గమనింపదగియున్నది.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఒకవంక తార్నాక, మరియొకవంక మాణికేశ్వర్ నగర్ కలవు. రెండవదానిని వడ్డెర బస్తీ యనియు పిలుతురు. రాతిపని, మట్టిపని వడ్డెరల కులవృత్తులు. నగరముల బాటలకు రాయి కొట్టినవారు వారే. పెద్ద రోడ్ల ప్రక్క కాలిబాటలు వేయుదురు గాని, ఇట్టి బస్తీల సందులలో ఇంటి గడపయే వీధి అంచు.

కాలిబాట చెడుటకు కారణములు పలు తెరగులు. చెట్టు వేళ్లు పలకలను ఎత్తివేయును. మోటారు సైకిళ్లు పైకెక్కి పోవును. తీగెలకొరకు త్రవ్వినవారు సరిగ పూడ్చరు. పలక క్రిందికి నీరు చేరినచో ఇసుక జారును; పలక ఊగి అంచు విరుగును. క్రింది నేలను గట్టిపరుపక పైన క్రొత్త పలక పరచినచో ఆ ఖర్చు ఒక వానకాలమునకు మించి నిలువదు.

1955 నాటి చట్టము ప్రకారము హైదరాబాదులో ప్రజావీధులు నగరపాలక సంస్థకు చెందినవి. బాగుసేత దాని విధి. ఇంటివారి వంతు ఆస్తిపన్నులో చేరియున్నది. అయితే వీధిని త్రవ్వదలచినవారు అనుమతి పొంది, పూర్వస్థితికి తెచ్చు ఖర్చు చెల్లింపవలయును. 2020 ప్రాంతమున 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను కాలిబాటలతో సహా ఐదేండ్ల నిర్వహణకై గుత్తసంస్థల కప్పగించిరి. రోడ్డు వేసినవారే దానిని కాచుకొనవలెనను నియమము మంచిదే.

అమెరికాలోని న్యూయార్కు నగరమున పద్ధతి వేరు. అచ్చట ఇంటి ముందరి కాలిబాటను యజమానియే బాగుచేయించుకొనవలయును. నగరమువారు తనిఖీచేసి నోటీసు ఇత్తురు. 75 దినములలో పని జరుగనిచో తామే చేయించి ఖర్చు వసూలు చేయవచ్చును. లాస్ ఏంజిలెస్ నగరముపై దివ్యాంగులు దావా వేయగా 2016లో ఒక రాజీ కుదిరినది: 30 ఏండ్లలో 137 కోట్ల డాలర్లు వెచ్చింపవలెను. పిదప నగరమువారు చెడిన బాటను ఒకమారు తమ ఖర్చుతో బాగుచేసి, ఆపై యజమానికి అప్పగించు పద్ధతిని చేకొనిరి. ఇండ్ల ముందైన 20 ఏండ్లు, వ్యాపారస్థలముల ముందైన 5 ఏండ్లు హామీ కూడ నిచ్చిరి.

న్యూయార్కు పద్ధతి మనకు తగదని మా అభిప్రాయము. బాటమీద ఊరందరు నడతురు. ఖర్చు మాత్రము దినకూలితో బ్రతుకు గృహస్థునిపై పడుట న్యాయము కాదు. లాస్ ఏంజిలెస్ పద్ధతిలో ఒక్క యంశము గ్రహింపదగినది: పూచీ నప్పగించుటకు ముందు వస్తువును బాగుచేసి ఇయ్యవలయును. వాడుకచే కలిగిన అరుగుదల ఊరిది, ఒకరు చేసిన గండి వారిది అను విభజన మనకు సులభము.

తెలంగాణములో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ఊరి లోపలి రోడ్లు, కాలువలు, కల్వర్టుల నిర్వహణను గ్రామపంచాయతీ కప్పగించినది. కనుక రోడ్డు కోయుటకు ముందే గండి పొడవు, వెడల్పు, త్రవ్వువారి పేరు పుస్తకమున వ్రాసికొనుట మేలు. ప్రభుత్వ పథకపు గొట్టములైనచో పూడ్చుట కంట్రాక్టరు అంచనాలోనే యున్నదో లేదో ముందుగ చూడవలెను. ఆ భారము ఇంటివారిపై వేయరాదు. సొంతపనికి కోయువారినుండి, చట్టము అనుమతించు మేరకు, తీర్మానము చేసి కొంత ధరావతు తీసికొనవచ్చును. పూడ్చిననాడే దానిని తిరిగి ఇయ్యక, ఒక పెద్దవాన కురిసిన తరువాత గండి కుంగినదేమో చూచి ఇయ్యవలయును.