లెక్కకు రాని బిడ్డలు: పొరుగు దేశాలలో బాల మధుమేహం

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో, బాసాగూడ నుంచి సిలిగేరు పోయే దారిలో తర్రెం గ్రామమున్నది. గోండీ, తెలుగు, హిందీ మూడూ వినబడే సీమ ఇది; అడవి దాటితే తెలంగాణలోని చర్ల, ఆపైన భద్రాచలం. ఇటువంటి గ్రామంలో పదేళ్ళ పిల్ల కొద్ది వారాలుగా విపరీతంగా నీళ్ళు తాగి, మాటిమాటికీ మూత్రానికి పోయి, చిక్కి శల్యమై, చివరకు వాంతులతో, ఆయాసంతో స్పృహ తప్పిందనుకొందాం. చూచినవారు మలేరియా అనుకొంటారు. మలేరియా మెండుగా ఉన్న చోట అలా అనుకొనడం సహజమే. ఆ పిల్ల మరణిస్తే ఆ మరణం జ్వరాల పద్దులో చేరుతుంది. మధుమేహపు పట్టికలో సున్నా నిలుస్తుంది. దేశదేశాల బాల మధుమేహ గణాంకాలను పోల్చి చదివే విద్యార్థి ఈ సున్నాను జ్ఞాపకముంచుకోవాలి.

పిల్లలలో ప్రధానంగా కనబడేది మొదటి రకం మధుమేహం. శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే నాశనం చేయడం వలన ఇది వస్తుంది. మిఠాయిలు తినడం వలన వచ్చేది కాదు. తల్లి పెంపకంలో లోపమూ కాదు. 1922 జనవరిలో టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు పూర్వం ఈ వ్యాధి సోకిన పిల్లలు నెలలలోనో, ఒకటి రెండేళ్ళలోనో కన్నుమూసేవారు. ఇన్సులిన్ అందని చోట నేటికీ అంతే.

ఏడాదిలో లక్షమంది పిల్లలకు ఎందరు కొత్తగా వ్యాధిగ్రస్తులయ్యారనేది ఇక్కడి కొలత. హిందీలో దీనిని ‘దర్’ అంటారు. మన ‘ధర’ వెలను చెప్పే మాట గనుక అనువాదకునికి ఇదొక చిక్కు. వాడుకలోని ‘రేటు’ అనే మాటే మేలనిపిస్తుంది.

ఈ రేటు ప్రపంచంలోకెల్లా ఫిన్లాండులో అధికం. 1950వ దశకం ఆరంభంలో అక్కడ లక్షకు 12 ఉండగా, 2005 నాటికి 60 దాటినది. ఆ తరువాత పెరుగుదల ఆగినది. సరిహద్దుకు ఆవల రష్యాలోని కరేలియాలో 1990వ దశకంలో ఈ రేటు ఫిన్లాండు రేటులో ఆరవ వంతు మాత్రమే. ఇరువైపుల ప్రజల వంశ లక్షణాలు చాలావరకు ఒక్కటే. కనుక ఆహారం, సూక్ష్మజీవుల సంపర్కం, జీవన విధానం వంటి పరిసర కారణాలను శాస్త్రజ్ఞులు వెదకుతున్నారు. ఇది నిజమైన తేడా. ఇరువైపులా వైద్యులు శ్రద్ధగా లెక్కించగా తేలినది.

మన ఉపఖండానికి వద్దాం. 1990వ దశకపు తొలి సంవత్సరాలలో మద్రాసులో ఈ రేటు లక్షకు 10.5గా తేలినది. దాదాపు ఆ రోజులలోనే కరాచీలో అది ఇంచుమించు 1 మాత్రమే. పదింతల వ్యత్యాసం! వ్యాధిలోనే ఇంత భేదమున్నదని నమ్మడానికి ముందు, కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఎందరు పిల్లలు ఆసుపత్రికి చేరారు? చేరినవారిలో ఎందరికి రక్తపరీక్ష జరిగినది? హర్యానాలోని కర్నాల్ జిల్లాలో జరిగిన ఒక పరిశీలనలో, వ్యాధితో జీవిస్తున్నవారు పట్టణంలో లక్షకు 26 మంది, పల్లెలలో 4 గురు. ఒకే జిల్లాలో, ఒకే ప్రజలలో! పల్లె గాలి కాపాడిందని సంతోషించవచ్చునేమో గాని, గుర్తింపునకు ముందే రాలిపోయిన పిల్లలు ఈ లెక్కలో ఉండరు. భారత వైద్య పరిశోధన మండలి 2006లో ఆరంభించిన యువ మధుమేహ పట్టిక సైతం ఆసుపత్రుల ద్వారా సాగేది. గడప తొక్కినవారినే అది నమోదు చేయగలదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం మొదటి రకం గల 20 ఏళ్ళలోపు వారి సంఖ్యలో భారతదేశానిదే ప్రథమ స్థానం, సుమారు 2 లక్షల 29 వేలు.

అడవి సీమలకు సంబంధించినది మరొకటున్నది. బాల్యంలో తిండి చాలక బక్కచిక్కిన యువతలో కనబడే మధుమేహాన్ని 1955లో జమైకాలో వర్ణించారు. మన కటక్ వైద్యులు 1960వ దశకంలోనే దీనిని పరిశీలించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దీనికి ప్రత్యేక స్థానమిచ్చి, 1999లో తొలగించినది. వేలూరు వైద్య కళాశాల పరిశోధకులు ఇది వేరైన వ్యాధియేనని 2022లో చూపగా, 2025లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ సమాఖ్య దీనిని ఐదవ రకంగా గుర్తించినది. ఈ రోగులకు మొదటి రకం రోగులకిచ్చే మోతాదులో ఇన్సులిన్ ఇస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కనుక ‘సన్నగా ఉన్నాడు, మొదటి రకమే’ అని తేల్చివేయడానికి వీలులేదు.

బస్తరులో 2020 జనవరి నుంచి మలేరియా నిర్మూలన ఉద్యమం క్రింద ఇంటింటికీ పోయి వేలికొన నుంచి రక్తపు బొట్టు తీసి పరీక్షించారు. సూది గుచ్చిన ఆ వేలి నుంచే, వాంతులు, ఆయాసం, అతిదాహం ఉన్న బిడ్డ విషయంలో, మరొక బొట్టు చక్కెర పరీక్ష పట్టీపై వేయడానికి నిమిషమైనా పట్టదు. ఆ తరువాత ఇన్సులిన్ నిలువచేసే సమస్య వస్తుంది. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. వాడుకలో ఉన్న సీసా చల్లని నీడలో నాలుగు వారాలు నిలుస్తుంది. శీతల యంత్రం లేని ఇంట్లో ఒక కుండలో మరొక కుండ పెట్టి, నడుమ ఇసుక పోసి, ఆ ఇసుకను తడుపుతూ ఉంటే సరిపోతుంది.