పెరట్లోకి పిల్లి: మొదటి శీలానికి ఓ చిన్న పరీక్ష



పంచశీల గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. "ప్రాణహింస చెయ్యనని శీలం తీసుకున్నాం, బాగానే ఉంది. మరి మా పెరట్లో కొత్తిమీర మడి రోజూ తవ్విపోసే పిల్లిని ఏం చెయ్యాలి? తోలితే హింసా? తోలకపోతే మడి ఏమైపోవాలి?" మిగతావాళ్లు నవ్వుతారు. నవ్వాల్సిన ప్రశ్న కాదిది. మనం ఎవరం కత్తి పట్టుకుని ఎవరి మీదికీ పోం. మన శీలం నిలబడేదీ జారిపోయేదీ ఇలాంటి చిన్న చోట్లే. పిల్లి దగ్గర, ఎలుక దగ్గర, వీధి కుక్క దగ్గర.

అంగుత్తర నికాయంలో ఒక సంఘటన ఉంది. శ్రావస్తిలో ఒక భిక్షువు పాము కరిచి చనిపోయాడు. తోటి భిక్షువులు వచ్చి ఆ సంగతి భగవానుడికి చెప్పారు. పాముల్ని చంపండి అని ఆయన అనలేదు. సర్పవంశాల పట్ల మైత్రి నింపుకోమన్నాడు. కాళ్లు లేని ప్రాణుల పట్ల, రెండు కాళ్ల ప్రాణుల పట్ల, నాలుగు కాళ్ల ప్రాణుల పట్ల మైత్రి చూపమన్నాడు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ బోధన చివర ఇంకో మాట కూడా ఉంది. నా రక్షణ నేను చేసుకున్నాను, ఇక ఆ ప్రాణులు తొలగి వెళ్లాలి అన్న భావం అది. చూశారా? మైత్రి అంటే అందర్నీ ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టడం కాదు. కంచె వేసుకోవచ్చు, తలుపు మూసుకోవచ్చు, దూరంగా ఉండమని కోరుకోవచ్చు. ద్వేషంతో చెయ్యకూడదు, బాధపెట్టి చెయ్యకూడదు. అంతే.

కొందరు మధ్యేమార్గం అనుకుని పాలలో ఏదో కలిపి గోడ మీద పెడతారు. "నేను చంపలేదండీ, అదే వచ్చి తాగింది" అంటారు. ప్రాణహింసకు అట్ఠకథాచార్యులు ఐదు అంగాలు చెప్పారు. అక్కడ ఒక ప్రాణి ఉండాలి. అది ప్రాణి అని మనకు తెలిసి ఉండాలి. చంపాలన్న ఆలోచన ఉండాలి. దానికి తగిన ప్రయత్నం ఉండాలి. ఆ ప్రయత్నం వల్ల అది చావాలి. గిన్నె పెట్టిన మనిషి దగ్గర ఐదూ ఉన్నాయి కదా! పిల్లి తనంతట తాను తాగడం వల్ల ఒక్కటైనా తగ్గిందేమో మీరే లెక్క చూడండి. చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. జంతువుకు విషం పెట్టినా, చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కొట్టి హింసించడం, తిండీ నీళ్లూ దొరకని చోట వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరాలు. ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51ఎ అధికరణలోనే ఉంది.

ఇంత చెబుతున్న నేను ఒకప్పుడు చేసిన పని కూడా చెప్పాలి. మా ఇంట్లో ఒక బూడిద రంగు పిల్లి పాలగిన్నె మీద పడేది. ఒకరోజు విసుగొచ్చి దాన్ని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, సైకిల్ మీద తీసుకెళ్లి కాలవ అవతల వదిలేసి వచ్చాను. చంపలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. రెండో రోజు రాత్రి అటక మీంచి సన్నగా అరుపులు. పాత తట్టలో మూడు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. మర్నాడు తల్లి కోసం కాలవ గట్టంతా తిరిగాను, కనబడలేదు. పాలచుక్కలు దూదితో పట్టాం. ఒకటే బతికింది. మా అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తు.

అందుకని మొదట చెప్పేది ఇదే: పిల్లిని సంచిలో వేసి ఎక్కడో వదిలి రావద్దు. కొత్తచోట తిండి తెలియదు, అక్కడి పిల్లులు తరుముతాయి, కుక్కలు చంపుతాయి. దారి తెలిస్తే తిరిగి మీ ఇంటికే వస్తుంది. అది రాకపోయినా, మీ పెరట్లో తిండి ఉన్నంతకాలం ఆ ఖాళీలోకి ఇంకో పిల్లి వస్తుంది.

ఏ దుఃఖానికైనా కారణం వెతకమని కదా మన ధమ్మం చెప్పేది. పిల్లికి మీ మీద పగ లేదు, అపశకునం మోసుకురావడానికీ రాదు. తిండికి వస్తుంది, దొడ్డికి వస్తుంది, ఈనడానికి చాటు వెతుక్కుంటూ వస్తుంది. మీ ఇంట్లో ఏది దొరుకుతోందో ముందు అది చూడండి. చేపలు కడిగిన నీళ్లు, తలకాయలు, కోడి పేగులు గోడ పక్కన పారేస్తుంటే ఎన్ని ఉపాయాలు చేసినా దండగ. చెత్తబుట్టకు బిగుతైన మూత పెట్టండి. పొద్దున్నే గేటు దగ్గర వేలాడే పాలప్యాకెట్ల సంచిని ఒక డబ్బాలోకి మార్చండి. ధాన్యం, నూకలు ఎలుకలకు అందకుండా చూడండి. ఎలుకలు తగ్గితే పిల్లి రాకా తగ్గుతుంది. పక్కింటివారు దానికి అన్నం పెడుతుంటే తగువు పెట్టుకోకండి. వేళకు పెట్టి, తినగానే గిన్నె తీసెయ్యమని అడగండి.

ఇక మడి సంగతి. పిల్లి పొడిగా, వదులుగా, మెత్తగా ఉన్న మట్టి వెతుక్కుంటుంది. తవ్వాలి, పూడ్చాలి, అదీ దాని అలవాటు. మీరు విత్తనం కోసం గుల్ల చేసిన మడి దానికి సరిగ్గా సరిపోతుంది. ఇల్లు కట్టడానికి తోలించిన ఇసుక కుప్ప అయితే మరీ ఇష్టం. ఇసుక మీద పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెట్టండి. మడి మీద కోళ్ల దొడ్డికి వాడే జాలీ పరిచి, కొద్దిగా మట్టి చల్లితే మొలకలు సందుల్లోంచి వస్తాయి, పిల్లి కాలికి తవ్వడం కుదరదు. జాలీ లేకపోతే ఎండు కంది కట్టెలు దగ్గర దగ్గరగా గుచ్చినా చాలు. కొబ్బరి పీచు, గులకరాళ్లు పరిచినా పనిచేస్తాయి. మట్టిని తడిగా ఉంచడం కూడా మంచిదే. అంతకన్నా మంచిది, పెరటి మూల ఒక గంపెడు పొడి ఇసుక పోసి దానికో చోటు ఇవ్వడం. మా ఇంట్లో ఇదే పనిచేసింది. వారానికి రెండుసార్లు పారతో తీసి పూడ్చాలి, అంతే. పిల్లి మలం ఉన్న మట్టిని గర్భిణులు ముట్టుకోకూడదు. తప్పనిసరైతే చేతికి తొడుగు వేసుకోవాలి. అందులో గర్భంలోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు.

గోడ మీద గాజుపెంకులు నాటొద్దు. పిల్లి వాటి మధ్య కాళ్లు పెట్టి నడిచిపోతుంది. తెగేది గోడ దూకిన పిల్లల చేతులే. దానికి బదులు గోడ పైన ఒక గట్టి తీగ లాగి, నాలుగు అంగుళాల పీవీసీ పైపుల్లోంచి ఆ తీగ పోనివ్వండి. పిల్లి కాలు వెయ్యగానే పైపు దొర్లుతుంది, పట్టు దొరక్క అటువైపే దిగిపోతుంది. దెబ్బ తగలదు. కలరా ఉండలు, ఫినాయిల్ చల్లడం చాలా ఇళ్లలో చూస్తాం. అవి పిల్లికి విషం. కాలికి అంటింది నాకుతుంది, దాని కాలేయం వాటిని విరిచెయ్యలేదు. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో కలరా ఉండలు ఇంకా ప్రమాదం. నారింజ, నిమ్మ తొక్కలు వేసి చూడొచ్చు గానీ వాసన పోగానే మళ్లీ వెయ్యాలి.

సీసాలో నీలిరంగు నీళ్లు పోసి గేటుకు వేలాడదీస్తే కుక్కలూ పిల్లులూ రావని మన ఊళ్లలో గట్టి నమ్మకం. కాలాములకు చెప్పిన పద్ధతిలోనే చూద్దాం. వారం రోజులు సీసా పెట్టి, వారం తీసేసి, రోజూ పొద్దున మడి దగ్గర అడుగులు లెక్కపెట్టండి. నేను పెట్టిన సీసాకు ఆనుకునే ఓ పిల్లి నిద్రపోయింది!

అటక, మెట్ల కింద గూడు, పాత సామాన్ల గది లాంటివి మూసేముందు తొందరపడకండి. ఆ కంత ముందు కాస్త ముగ్గుపిండి చల్లి రెండు మూడు రాత్రులు చూడండి. లోపలికీ బయటికీ అడుగులు పడుతుంటే, ముఖ్యంగా పగలు కూడా పడుతుంటే, లోపల పిల్లలున్నాయేమో టార్చి వేసి చూడాలి. ఉంటే ముట్టుకోకండి. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు, అదే ఇంకో చోటికి మారుస్తుంది. మార్చకపోయినా ఎనిమిది వారాలు ఓపిక పట్టండి. అవి వెళ్లాక కంత పూడ్చండి.

పిల్లికి చూలు దాదాపు తొమ్మిది వారాలు. అయిదారు నెలల పిల్ల కూడా ఈనగలదు. అందుకే వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి పశువైద్యుడి చేత ఆపరేషన్ చేయిస్తే ఎక్కువకాలం నిలిచే ఫలితం ఉంటుంది. మగపిల్లులు గోడల మీద మూత్రం చిమ్మడం, రాత్రిళ్లు పోట్లాడుకోవడం కూడా బాగా తగ్గుతాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానన్న మాట ఉంది. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి ఆ బండలు చూపించండి.

చివరిగా ఒక జాగ్రత్త. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులవుతుందంటారు. ఇంట్లోకి వచ్చిన పిల్లిని మూలకు తరమొద్దు. తలుపు తెరిచి, దారి వదిలి, పక్కకు నిలబడండి. పొరపాటున కరిచినా, రక్కినా ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా అడగాలి. పిల్లి కరిచినా రేబిస్ వస్తుంది.