పాత సైనిక ట్రక్కుకు విద్యుత్ వైపర్లు

ప్రశ్న: గాలి ఒత్తిడితో నడిచే వైపర్లున్న అమెరికన్ ఎం35ఏ2 సైనిక ట్రక్కుకు విద్యుత్ వైపర్లు బిగించాలంటే వైరింగ్ ఎలా ఉండాలి?

జవాబు: ఈ ట్రక్కులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి కనుక 24 వోల్టుల మోటారునే ఎంచుకోవాలి, ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీసుకుంటే అది ఛార్జి చాలక, రెండోది అతిగా ఛార్జి అయి, రెండూ పాడవుతాయి. సరఫరా తీగ మొదట్లోనే మోటారుకు తగిన ఫ్యూజు ఉంచి, స్విచ్చి ఆపాక కూడా బ్లేడు అద్దం అంచుకు చేరేదాకా మోటారును తిప్పే పార్కింగ్ కాంటాక్టుకు వేరే తీగతో విద్యుత్తు అందించాలి. ఎర్త్ తీగను రంగు గీకిన లోహానికే బిగించాలి. బ్రేకులకూ అదే గాలి తోడ్పడుతుంది కనుక, పాత వైపరు గొట్టాన్ని గట్టిగా మూసి, సబ్బునీటితో లీకు పరీక్షించడం తప్పనిసరి.