వానకు ముందే కాగితాలు ముగించు



పత్తికొండ బ్యాంకులో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే “ఈ రైతులకు లెక్క తెలీదు పెద్దనాయనా, మేము నాలుగు శాతానికి ఇస్తామన్నా పోయి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటారు” అని రాసినావు. లెక్క నీకంటే వాళ్లకే బాగా తెలుసప్పా. యాభై వేలకు ఐదు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,500. గడువులోపల కడితే మీ పంట రుణానికి ఏడాదంతా కలిపి 2,000. ఈ తేడా చదువురాని అవ్వ కూడా వేళ్ల మీద చెప్తుంది.

మరెందుకు పోతారంటావా? జూన్‌లో వాన పడితే మన ఎర్రనేలలో పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆలోపలే వేరుశనగ విత్తనం పడాల. మీ దగ్గర పాసుబుక్కు, వన్‌బీ, అడంగల్ లాంటి భూమి కాగితాలు, జామీను సంతకాలు పూర్తయ్యేసరికి నేల ఆరిపోతుంది. మండీ సావుకారి సాయంత్రానికే రొక్కం ఇస్తాడు. మంచోడని కాదు. పంట ఆయన మండీకే తోలాల, ధర ఆయన చెప్పిందే, బాకీ పట్టుకున్నాక మిగిలిందే చేతికి. అన్నీ తెలిసే తీసుకుంటారు. ఏడాది పంట పోగొట్టుకునేదాని కంటే అదే చౌక.

ఇంకో సంగతి నువ్వు మార్చిలో చూస్తావు. పాత అప్పు తిరగరాయాలంటే కొన్నిచోట్ల అసలు మొత్తం ఒకసారి కట్టమంటారు. అంత డబ్బు ఎక్కడిది? వడ్డీ వ్యాపారి ఇస్తాడు, కొత్త అప్పు చేతికొచ్చిన రోజే బ్యాంకు మెట్ల మీదే వడ్డీతో సహా తనది తాను పట్టుకుంటాడు. ఇదీ మీ నాలుగు శాతం కథ.

లెక్క తెలీదన్నావు కదా, దానికీ ఒక మాట. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందొకసారి, డబ్బు అందినాక ఒకసారి బుద్ధి పరీక్షలు పెట్టినారు. అదే మనుషులు కోతకు ముందు వెనకబడినారు. చేతిలో పైసా లేని నెలలో నీ ఫారం ముందు తడబడేవాణ్ణి మొద్దు అనుకోవద్దు.

కౌలుదారుల కష్టం వేరే. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద, అప్పుకు పనికొచ్చే హక్కు కార్డుకు భూమి యజమాని సంతకం కావాల. భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. అది నీ చేతిలో లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లకు పోయి కాగితాలు ముగించడం మాత్రం నీ చేతిలోదే. ఈ ఏడు ఆ పని చెయ్యి నాయనా.